పెద్దల కోసం నలభై నంబర్లు

ఆ కాలేజీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అటెండరు దగ్గర నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ నెట్ మేస్త్రే. ఇరవై రెండేళ్ళ కిందట, రెండు గదుల్లో నాలుగు కంప్యూటర్లున్న రోజుల్లో చేరాడు. గోడలకు కన్నాలు వేసింది ఆయనే, వాటిలోంచి వైర్లు లాగింది ఆయనే, ఎలకలు కొరికితే కూర్చుని అతుకులు వేసిందీ ఆయనే. మూడంతస్తుల భవనంలో ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. అంత పనిమంతుడికి జీతం అంతంతమాత్రం, గౌరవం ఇంకా తక్కువ. ఆ రెండో సంగతి ఆయనకు తెలియదు. తనను అందరూ నెత్తిన పెట్టుకుంటారనే అనుకునేవాడు.

ఆయన పనికి ప్రాణం నంబర్లు. నెట్‌లోకి వచ్చే ప్రతిదానికీ, అది కంప్యూటరైనా ప్రింటరైనా చేతిలో ఫోనైనా, ఒక నంబరు ఉండాలి. వీధిలో ఇంటికి డోర్ నంబరు ఉన్నట్టే. అది లేకపోతే ఉత్తరం ఏ గుమ్మంలో వేయాలో ఎవరికీ తెలియదు. ఒకే నంబరు రెండింటికి పడిందా, రెండూ కొట్టుకుని రెండూ మూగబోతాయి. ఆ కాలేజీకి ఉన్నవి మొత్తం రెండు వందల యాభై నాలుగు నంబర్లు. ఈ కాలపు వైఫై డబ్బాలు ఎవరొస్తే వాళ్ళకు వాటంతట అవే నంబర్లు పంచిపెడతాయి. మేస్త్రికి అది సుతరామూ నచ్చదు. ఏ నంబరు ఎవరి దగ్గరుందో తెలియని నెట్‌వర్కూ ఒక నెట్‌వర్కేనా అనేవాడు. నీలం అట్ట నోటుబుక్కులో గీతలు కొట్టి, ఒకటి నుంచి వరసగా రాసి, ప్రతి యంత్రం దగ్గరికీ తానే వెళ్ళి నంబరు చేత్తో కొట్టి వచ్చేవాడు. కొత్త ఫోను కొన్న లెక్చరరు ఆయన గది ముందు నిలబడాల్సిందే. అలా నిలబడినప్పుడు మేస్త్రి నోటుబుక్కు తెరిచే తీరు చూడాలి. పొలం రాసిచ్చేవాడికి కూడా అంత దర్జా ఉండదు.

మనుషుల పేర్లు మరిచిపోయేవాడు గానీ నంబర్లు మరిచేవాడు కాదు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని, "యాభై మూడు పొద్దున్నుంచి మూలుగుతోంది, రేపు చూడాలి" అనేవాడు. యాభై మూడంటే ఫీజుల కౌంటర్లో కంప్యూటరు.

"ఆ యాభై మూడు మీద ఉన్న బెంగలో సగం నా మోకాళ్ళ మీద ఉంటే ఈపాటికి పరిగెత్తేదాన్ని," అనేది భార్య.

ఒక్కతే కూతురు. చిన్నప్పుడు బడి వదలగానే కాలేజీకి వచ్చేసి, నాన్న పని ముగిసేదాకా ఆయన బల్ల కింద కూర్చుని హోంవర్కు చేసుకునేది. ఎనిమిదేళ్ళప్పుడు ఒకరోజు ఆ నీలం బుక్కు మొత్తం తిరగేసి మూతి ముడుచుకుంది.

"ఇందులో నా నంబరేది నాన్నా?"

"నీకెందుకే నంబరు? నువ్వేమన్నా ప్రింటరువా?"

"అందరికీ ఉంది. నాకే లేదు."

మేస్త్రి నవ్వి తన కంప్యూటరు వైపు చూపించాడు. దానిది తొమ్మిదో నంబరు. "ఇదిగో, నాదే నీది. తొమ్మిది మనిద్దరిదీ. సరేనా?" అన్నాడు. ఆ పిల్ల ముఖం వెంటనే విప్పారింది. ఆయన ఆ మాట ఆ సాయంత్రమే మరిచిపోయాడు.

ఇక ఆ నలభై నంబర్ల సంగతి. ఆరేళ్ళ కిందట ఎవరో మేనేజ్‌మెంటు సభ్యుడు కాలేజీకి వచ్చి, ఫోన్లో నెట్ రావడం లేదని చిరాకు పడ్డాడు. ఏవోగారు, అంటే ఆ కాలేజీ పరిపాలన అంతా చూసే అధికారి, వరండాలో నడుస్తూ నడుస్తూ మేస్త్రితో ఒక ముక్క అన్నాడు: "మనవాళ్ళెవరైనా వస్తే ఇబ్బంది పడకూడదు మేస్త్రీ, కాస్త చూసుకో." అంతే. అని ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. మేస్త్రి మాత్రం ఆ పూటే బుక్కు తెరిచి, నూట యాభై ఒకటి నుంచి నూట తొంభై దాకా ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన "మేనేజ్‌మెంటు వారికి" అని రాశాడు. ఆ ఆరేళ్ళలో ఆ నలభైలో వాడింది మూడో నాలుగో, అదీ ఏ గంటో రెండు గంటలో. మిగతావన్నీ అలాగే పడి ఉన్నాయి. కొత్తగా చేరిన లెక్చరర్లు నంబరు దొరక్క వారాలు తిరిగినా మేస్త్రి ఆ ఎర్ర గీత దాటలేదు. దాటమని గానీ దాటొద్దని గానీ ఆయన్ని అడిగినవాడు లేడు. అడగకుండానే వంగేవాణ్ణి వంగమని ఎవరంటారు!

కూతురికి ఇరవై ఏడు నిండి ఎనిమిది నెలలైంది. వాతావరణ కేంద్రంలో పరిశీలకురాలి ఉద్యోగం మీద దాని ప్రాణం. పొద్దున్నే మిద్దె మీదికెళ్ళి ఎండా గాలీ వానా కొలవడం, రాసి పంపడం, అదీ ఆ పని. పన్నెండో ఏటి నుంచే గోడకు థర్మామీటరు తగిలించుకుని నాన్న పారేసిన నోటుబుక్కుల వెనక పేజీల్లో లెక్కలు రాసుకునేది. ఆ పరీక్ష ఏడాదికొక్కసారే పెడతారు. ఇరవై ఎనిమిది నిండితే కూర్చోనివ్వరు. రెండుసార్లు రాసి, రెండోసారి మూడంటే మూడు మార్కుల్లో పోగొట్టుకుంది. ఇది ఆఖరిసారి. తల్లి పరీక్షకు ముందు నాలుగు నెలలూ ఆ పిల్ల చేత గ్లాసు కూడా కడిగించలేదు.

ఈసారి పరీక్ష నెట్‌లో పెట్టారు. కేంద్రం వేరే ఎక్కడో కాదు, మేస్త్రి కాలేజీలోనే, మూడో అంతస్తు పాత హాల్లో. ఆ హాల్లో వైర్లు లేవు. వైఫై యాక్సెస్ పాయింటు, అంటే వైరు లేకుండా గాల్లోనే నెట్ పంచే డబ్బా, పెట్టాలి. ఆ పని మేస్త్రికి అప్పగించారు.

పెట్టాడు. బాగానే పెట్టాడు, పనికి వంక పెట్టేవాడెవడూ లేడు. నిచ్చెనేసుకుని, హాలుకు నడిమధ్యన సీలింగుకు తెల్లటి డబ్బా బిగించి, రెండో అంతస్తు నుంచి వైరు పైకి లాగి, నాలుగు మూలలా ఫోను పట్టుకుని తిరిగి సిగ్నలు చూసుకున్నాడు. డబ్బాకు రెండు వందల యాభై ఒకటో నంబరు ఇచ్చాడు. దాని పైన ఉన్న మూడూ కాలేజీ మెయిన్ డబ్బాలవి. ఎప్పుడెవరొస్తారో తెలియని హాలు కాబట్టి ఇక్కడ మాత్రం నంబర్లు డబ్బానే పంచాలి, తప్పదు. వాటికని, ఈమధ్యే ఎత్తేసిన పాత ల్యాబు తాలూకు నంబర్లు, నూట తొంభై ఒకటి నుంచి రెండు వందల యాభై దాకా అరవై విడిచిపెట్టాడు. పరీక్ష రాసేవాళ్ళు నలభై నలుగురు. ఎవరి లాప్‌టాప్ వాళ్ళే తెచ్చుకుంటారు. పదహారు మిగులు. ఒకసారి ఇచ్చిన నంబరు ఎన్ని రోజులు వాళ్ళ పేరున ఉండాలో అడిగే గడి ఒకటుంది. అందులో ముందే ఎనిమిది రోజులని ఉంది. దాన్ని అలాగే వదిలేశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కూతురు నెమ్మదిగా ఎత్తింది.

"నాన్నా, నా లాప్‌టాప్‌కి ఒక నంబరు విడిగా పెట్టేయవా? నువ్వు చేత్తో రాసిస్తే ఇక భయం ఉండదు."

"అరవై ఉన్నాయమ్మా, నలభై నలుగురే మీరు. భయం దేనికి?"

"ఏమో, గుబులుగా ఉంది. నలభై పక్కన పెట్టావుగా, అందులో ఒక్కటి."

మేస్త్రి చేతిలో ముద్ద ఆగిపోయింది. "అవి మేనేజ్‌మెంటువి. మాటవరసకి కూడా అనకు. నా కూతురికని నేను ఒకటి పక్కన పెడితే రేపు నలుగురూ ఏమంటారు? ఇరవై రెండేళ్ళుగా వేలెత్తి చూపించుకోలేదు నేను."

"ఎవరికి తెలుస్తుందండీ? పిల్ల అడిగిందేమన్నా ఆస్తా?" అంది భార్య.

"నాకు తెలుస్తుందిగా!" అన్నాడు మేస్త్రి. ఎంత గొప్పగా అన్నాడంటే, అన్నాక ఒక్క క్షణం తనే ఆ మాట రుచి చూసుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఇంకో మాట. ఆ రోజు అందరూ కూర్చున్నాక నువ్వు కూర్చో. నెట్ మేస్త్రి కూతురని ముందు కుర్చీ పట్టుకుందనే మాట రాకూడదు."

కూతురు సరేనంది. ఆయన మాట ఎప్పుడూ సరేననే పిల్లే.

పరీక్షకు ముందు రోజు హాలు చూసుకోవడానికి రావచ్చన్నారు. వైఫై పాస్‌వర్డు కాగితం మీద పెద్దక్షరాలతో రాసి మేస్త్రే తలుపుకు అంటించాడు. పదిహేడుమంది వచ్చారు. లాప్‌టాప్‌లు మోసుకొచ్చినవాళ్ళు లేరు. ఎవరి ఫోను వాళ్ళు తీసి, పాస్‌వర్డు కొట్టి, పరీక్ష పేజీ తెరుచుకుంటోందో లేదో చూసుకుని, తృప్తిగా వెళ్ళిపోయారు. మేస్త్రి గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకుని చూశాడు. సిగ్నలు బ్రహ్మాండంగా ఉందని ఒకరిద్దరు మెచ్చుకుంటే పొంగిపోయాడు. పదిహేడు ఫోన్లు పదిహేడు నంబర్లు జేబులో వేసుకుని వెళ్ళాయని, ఎనిమిది రోజులదాకా అవి వాటివేనని ఆయనకు తట్టలేదు. తట్టవలసినవాడు ఊళ్ళో ఆయన ఒక్కడే. చేత్తో నంబర్లు రాసి రాసి, ఇచ్చినది తనకు తెలియకుండా పోదనే ధీమా నరాల్లో పట్టేసింది. అక్కడే పప్పులో కాలేశాడు.

పరీక్ష రోజు ఫోన్లు లోపలికి తేకూడదు. తలుపు పక్కన బల్ల మీద ప్లాస్టిక్ బుట్ట పెట్టి అందరి ఫోన్లూ అందులో వేయించారు. పది గంటలకు పరీక్ష. పదీ పదిహేనుకు లాగిన్ మూసేస్తారు. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా తెరుచుకోదు. కూర్చున్నవాళ్ళు పరీక్ష అయ్యేదాకా కుర్చీలోంచి లేవకూడదు. తొమ్మిదిన్నర నుంచి ఒక్కొక్కరే వచ్చి లాప్‌టాప్ తెరుస్తున్నారు, సీలింగు మీది డబ్బా ఒక్కొక్కరికీ ఒక్కొక్క నంబరు ఇస్తోంది. నలభై ముగ్గురు సర్దుకున్నాక, తొమ్మిదీ యాభై ఐదుకు, నాన్న చెప్పినట్టే ఆఖర్న వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది మేస్త్రి కూతురు.

పదీ మూడుకు పర్యవేక్షకురాలు మేస్త్రి గదికి మనిషిని పంపింది. ఆయన మెట్లెక్కి వచ్చి కూతురి స్క్రీను మీదికి వంగాడు. వైఫై కలిసినట్టే ఉంది. పేజీ తెరుచుకోవడం లేదు. వివరాలు తెరిచి చూశాడు. నంబరు ఉండాల్సిన చోట నూట అరవై తొమ్మిదితో మొదలయ్యే అడ్రసు ఉంది. నంబరు ఇచ్చేవాడు దొరక్కపోతే యంత్రం తనకు తనే అంటించుకునే దిక్కుమాలిన అడ్రసు అది. దాంతో గుమ్మం కూడా దాటలేరు.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదు తల్లీ, కూర్చో. రెండు నిమిషాలు."

చెప్పులు టపటపలాడించుకుంటూ కిందికి పరిగెత్తాడు. తన కంప్యూటర్లో డబ్బా జాబితా తెరిచాడు. అరవైకి అరవై నిండిపోయాయి. నలభై మూడు లాప్‌టాప్‌లు, పదిహేడు ఫోన్లు. మూడో అంతస్తులో, తలుపు పక్కన బుట్టలో, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్న ఫోన్లు! వాటికి నంబర్లున్నాయి. లోపల బతుకు పణంగా పెట్టి కూర్చున్న పిల్లకు లేదు.

టైము పదీ ఆరు. జాబితాలోంచి ఒక్క ఫోను పేరు కొట్టేద్దామంటే ఆ చవకరకం డబ్బాలో ఆ వీలు లేదు, తీస్తే అన్నీ ఒకేసారి పోతాయి. నంబర్లు పెంచుదామంటే డబ్బా ఆగి మళ్ళీ లేవాలి, ఈలోపు నలభై ముగ్గురి పరీక్షా పడిపోతుంది. ఉన్నది ఒకటే దారి. ఎర్ర గీత లోపలి నంబరు ఒకటి కూతురి లాప్‌టాప్‌లో చేత్తో కొట్టాలి. నూట యాభై ఒకటి. అర నిమిషం పని. పైకి వెళ్ళేందుకు రెండు నిమిషాలు.

ఆయన ఫోను తీసి ఏవోగారికి చేశాడు.

ఎందుకు చేశాడని నన్నడగకండి. అడగాలనిపించింది, అడిగాడు. ఇరవై రెండేళ్ళలో అడగకుండా గోడకు మేకు కూడా కొట్టని మనిషి. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మూడోసారి అటెండరు ఎత్తాడు.

"సార్ మీటింగ్‌లో ఉన్నారు మేస్త్రిగారూ. పది నిమిషాలాగి చేయండి."

"అర్జెంటయ్యా! ఒక్క మాట అడిగి చెప్పు, నూట యాభై ఒకటి వాడుకోవచ్చా అని."

"నూట యాభై ఏంటి?"

"నంబరయ్యా, నంబరు!"

"నాకేం అర్థం కావట్లేదండీ. చీటీ పంపిస్తాను, ఉండండి."

ఉన్నాడు. పదీ తొమ్మిది. పదీ పది. కుర్చీలో కూర్చోలేడు, తలుపు దాటలేడు. నీలం బుక్కు తెరిచే ఉంది. ఎర్ర సిరా ఆరేళ్ళకు వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. లేచి మెట్ల దాకా వెళ్ళి, అడగకుండా తీశారేమని రేపెవరైనా అంటే ఏం చెప్పాలో తోచక మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఆ కాస్త దూరం అలా రెండుసార్లు తిరిగాడు. పదీ పదమూడుకు ఫోను మోగింది.

"ఏంటి మేస్త్రీ కొంపలు మునిగినట్టు?"

మేస్త్రి ఉన్నదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

"మేనేజ్‌మెంటుకి నలభై నంబర్లా? ఎవరు పెట్టమన్నారు?"

"తమరే సార్... ఆరేళ్ళ కిందట... వరండాలో..."

"నాకేం గుర్తులేదయ్యా. దానికి నన్నడగడమేంటి? నీకు తోచింది నువ్వు చేసుకోవచ్చుగా! మీటింగ్ మధ్యలో లేపావు."

మేస్త్రి కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు మెట్లెక్కాడు. యాభై ఆరేళ్ళ మనిషి, రెండేసి మెట్లు. హాల్లోకి వచ్చి కూతురి భుజం మీంచి చేతులు చాపి నూట యాభై ఒకటి కొట్టాడు. నెట్ వెంటనే వచ్చింది. అంత చురుగ్గా ఆ హాల్లో ఎవరికీ వచ్చి ఉండదు. పేజీ కళ్ళు మూసి తెరిచేలోగా తెరుచుకుంది. "లాగిన్ సమయం ముగిసినది" అని ఉంది. గడియారంలో పదీ పదహారు.

పర్యవేక్షకురాలు మంచి మనిషే. రెండుచోట్లకు ఫోన్లు చేసింది. కేంద్రంలో లోపం ఉంటే నలభై నలుగురికీ ఉండాలి కదా, నలభై ముగ్గురు రాస్తున్నారు కదా అన్నారు వాళ్ళు. మధ్యలో లేచి వెళ్ళడానికి వీల్లేదు కాబట్టి కూతురు పరీక్ష అయ్యేదాకా, పన్నెండున్నర దాకా, ఆ ముగిసిన పేజీ ముందే కూర్చుంది. ఏడవలేదు. మేస్త్రి గుమ్మం బయట, ఫోన్ల బుట్ట పక్కన నిలబడ్డాడు. బుట్టలో ఏదో ఒక ఫోను ఉండుండి గుర్రుమంటోంది.

బస్టాపు దాకా తండ్రీ కూతుళ్ళు నడిచారు. ఎండ దంచేస్తోంది. చివరికి మేస్త్రి, "ఏవోగారు ఫోనెత్తలేదమ్మా. ఎత్తుంటే అయిపోయేది" అన్నాడు. ఆ మాట తన చెవికే అసహ్యంగా వినపడింది.

కూతురు బస్సు వచ్చే వైపే చూస్తోంది.

"ఆయన్ని అడగాల్సినవి ఆ నలభయ్యే కదా నాన్నా. తొమ్మిది నీదేగా? నీ కంప్యూటరు ఆపేసి ఆ నంబరు పెడితే ఎవర్ని అడగాలి?"

మేస్త్రి నిలబడిపోయాడు. తొమ్మిది. ఆ ఏడు నిమిషాలూ ఆయన కూర్చుని చూసింది ఆ తొమ్మిది ముందే. దాని స్విచ్చు ఆయన మోకాలికి తగులుతూనే ఉంది.

"నాకు... తోచలేదు తల్లీ," అన్నాడు. అది నిజం. అబద్ధమైనా బాగుండేది.

"నాకు తోచింది," అంది కూతురు. గొంతులో కోపం కూడా లేదు. "నన్ను లేవనివ్వరుగా. మెట్ల మీద నీ చెప్పుల చప్పుడు వినపడగానే, మన తొమ్మిది తెస్తున్నావనుకున్నాను."

బస్సు వచ్చింది. కూతురు ఎక్కి, ఆడవాళ్ళ పక్కన ఒక్క సీటే ఖాళీగా ఉంటే అందులో కూర్చుంది. మేస్త్రి వెనక నిలబడ్డాడు.